ఎలక్ట్రిక్ కారు నమూనాతో భౌతికశాస్త్రం: కారు నడిస్తే చాలదు, లెక్క కుదరాలి

క్లుప్తంగా: హైస్కూలు పిల్లల చేత చిన్న ఎలక్ట్రిక్ కార్లు చేయించడం బడుల్లో ఇప్పుడు మామూలైంది. కారు కదిలినంత మాత్రాన పాఠం వచ్చినట్టు కాదు. కదలక ముందు అంచనా కట్టి, కదిలాక కొలిచి, రెండింటి మధ్య తేడా ఎందుకొచ్చిందో వెతికినప్పుడే ఘర్షణ, ఓమ్ నియమం, లెంజ్ నియమం, శక్తి నిత్యత్వం పట్టుబడతాయి. అందుకు ఎలాంటి కారు కావాలి, ఏం కొలవాలి, ఎక్కడ చెడుతుంది, రోడ్డు మీది కారుకూ దీనికీ పోలిక ఎంతవరకు అన్నది ఈ వ్యాసం.

సామాను వచ్చింది, ప్రశ్న రాలేదు

నీతి ఆయోగ్ పరిధిలోని అటల్ ఇన్నోవేషన్ మిషన్ 2016లో మొదలైంది. ఎంపికైన బడికి టింకరింగ్ ల్యాబ్ కోసం 20 లక్షల రూపాయల దాకా గ్రాంటు ఇస్తారు. దేశం మొత్తం మీద ఇలాంటి ల్యాబ్‌లు సుమారు 10 వేలు ఏర్పడ్డాయి. రానున్న ఐదేళ్లలో ప్రభుత్వ బడుల్లో 50 వేలు పెడతామని 2025–26 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. దీనికి తోడు ఇన్‌స్పైర్ మానక్ పథకం ఉంది. అందులో ఎంపికైన పిల్లల ఆలోచనకు నమూనా చేసుకోవడానికి 10 వేల రూపాయలు వస్తాయి. మోటార్లు, చక్రాలు, వైర్లు ఇప్పుడు పల్లెటూరి బడికి కూడా అందని వస్తువులేమీ కావు.

చిక్కు వేరే చోట ఉంది. కిట్ పెట్టెలో సూచనల కాగితం ఉంటుంది. ఎర్ర వైరు ఇక్కడ, నల్ల వైరు అక్కడ, నాలుగు స్క్రూలు, అంతే. గంటలో కారు తయారై గది ఆ చివరకు పరుగెత్తుతుంది. అందరూ చప్పట్లు కొడతారు. సైన్స్ ఫెయిర్ ముందురోజు దుకాణంలో కొని తెచ్చిన నమూనా పరిస్థితీ ఇంతే. ఆ కారు చేసిన జట్టును ఒక్క ప్రశ్న అడిగి చూడాలి: నాలుగు సెల్లకు బదులు రెండే పెడితే వేగం సరిగ్గా సగమవుతుందా, సగం కన్నా ఎక్కువ ఉంటుందా, తక్కువ ఉంటుందా? ఎక్కువ మంది సగమే అంటారు. ఓమ్ నియమం చదివిన వాళ్లకు అలా అనిపించడం సహజం. కొలిస్తే సగం కన్నా బాగా తక్కువ వస్తుంది. ఎందుకన్నది తేల్చుకోవాలంటే తొమ్మిది, పది తరగతుల భౌతికశాస్త్రంలో సగాన్ని తిరగేయాలి. కారు చేయించడం వల్ల అసలు లాభం అక్కడే ఉంది.

ఎలాంటి కారు

పాఠానికి పనికొచ్చే కారు వీలైనంత సాదాగా ఉండాలి. పసుపురంగు ప్లాస్టిక్ డబ్బాలో వచ్చే బీఓ మోటార్ ఇందుకు బాగా సరిపోతుంది. దాని లోపల చిన్న డీసీ మోటార్, 1:48 నిష్పత్తి గేర్లు ఉంటాయి. రెండు వైపులా షాఫ్ట్ ఉన్న రకం ఒక్కటి తీసుకుంటే చాలు, రెండు వెనక చక్రాలూ దానికే బిగుస్తాయి. రెండు మోటార్లు పెడితే, ఒకే వోల్టేజీ ఇచ్చినా అవి సమానంగా తిరగవు. కారు ఒక పక్కకు లాగేస్తుంది. దాన్ని సరిదిద్దడంలోనే రెండు పీరియడ్లు పోతాయి.

65 మిల్లీమీటర్ల రబ్బరు టైరు చక్రాలు రెండు, ముందు వైపు వదులు ఇరుసు మీద ఇంకో రెండు చిన్న చక్రాలు, 20 సెంటీమీటర్ల పొడవు 10 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న సన్‌బోర్డ్ లేదా 3 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్క, నాలుగు డబుల్ ఏ సెల్లు పట్టే హోల్డర్, ఒక స్విచ్, అడుగు పొడవున మెత్తటి తీగల వైరు. ముందు ఇరుసుకు సైకిల్ చువ్వ ముక్క, అది వదులుగా తిరిగే ప్లాస్టిక్ గొట్టం సరిపోతాయి. సెల్లు మాత్రం రీచార్జి అయ్యే నికెల్ మెటల్ హైడ్రైడ్ రకమే కొనాలి. హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీలో ఇవన్నీ ఒక్క చుట్టు తిరిగితే దొరుకుతాయి, లేదంటే ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు. నలుగురికి ఒక కారు, రెండు జట్లకు ఒక మల్టీమీటర్ లెక్కన చూసుకోవాలి. జట్టులో వైరింగ్ ప్రతిసారీ ఒకరే చేస్తూ రాత పని ఇంకొకరికే మిగలకుండా పనులు మారుస్తూ ఉండాలి.

మైక్రోకంట్రోలర్, బ్లూటూత్, మోటార్ డ్రైవర్ బోర్డు ఈ దశలో వద్దు. మార్కెట్లో ఎక్కువగా అమ్ముడయ్యే పాత రకం డ్రైవర్ చిప్పులు తమలోనే రెండు వోల్టుల దాకా మింగేస్తాయి. అప్పుడు మోటార్‌కు నిజంగా ఎంత అందిందో తెలియక లెక్కలన్నీ గజిబిజి అవుతాయి. స్విచ్ ఒక్కటే ఉంటే ప్రతి వోల్టుకూ జమాఖర్చు రాయొచ్చు.

18650 లిథియం అయాన్ సెల్లు తరగతి గదిలోకి తేకపోవడమే మంచిది. రక్షణ సర్క్యూట్ లేని సెల్ షార్ట్ అయితే పదుల ఆంపియర్ల కరెంటు దూసుకొస్తుంది, వైరు ఎర్రగా కాలుతుంది.

మోటార్ బిగించక ముందు

మొదటి రోజు మోటార్ ముట్టుకోనక్కర్లేదు. అవే చక్రాలను వదులు ఇరుసు మీద పెట్టి, సెల్లు, మోటార్ బరువుకు సమానమైన బరువు బల్ల మీద కట్టి, మీటరు పొడవున్న నున్నటి పలక మీద కారును ఉంచాలి. పలక ఒక చివర కింద పుస్తకాలు ఒక్కొక్కటిగా పేరుస్తూ పోవాలి. వేలితో కొద్దిగా తోస్తే, ఆగకుండా, వేగం పెరగకుండా ఒకే తీరున జారే ఎత్తు దొరికే దాకా చూడాలి. ఆ ఎత్తు 3 సెంటీమీటర్లు అనుకుందాం. వంద సెంటీమీటర్లకు మూడు, అంటే దొర్లుడు ఘర్షణ గుణకం 0.03. కారు 300 గ్రాములుంటే దాని భారం 2.94 న్యూటన్లు, అందులో మూడు శాతం సుమారు 0.088 న్యూటన్లు. కారును నేల మీద సమవేగంతో నడపడానికి కావలసిన బలం అంతే. తొమ్మిది గ్రాముల వస్తువును ఎత్తి పట్టుకోవడానికి సరిపోయే బలం అది. ఈ అంకెను పిల్లలు నోట్‌బుక్‌లో పెద్దగా రాసుకోవాలి, చివరిదాకా పనికొస్తుంది.

గాలి నిరోధం సంగతి కూడా ఇక్కడే తేల్చేయొచ్చు. ముందు భాగం 10 సెంటీమీటర్ల చదరం ఉన్న కారు సెకనుకు అర మీటరు వేగంతో పోతుంటే గాలి ఆపే బలం సుమారు 0.0015 న్యూటన్లు. దొర్లుడు ఘర్షణలో అది అరవయ్యో వంతు. థర్మోకోల్‌ను కోసి, రుద్ది, రంగులేసి చేప ఆకారంలో బాడీ చేసే జట్లు చాలా శ్రమ పడతాయి, ఆ బాడీకి మార్కులు కూడా పడుతుంటాయి. ఈ వేగంలో దాని ప్రయోజనం సున్నా, పైగా బరువు పెరుగుతుంది. రోడ్డు మీది కారు 80 కిలోమీటర్లు దాటాక మాత్రం గాలే ప్రధాన శత్రువు. గాలి బలం వేగపు వర్గంతో పెరగడమే దీనికి కారణం.

ఓమ్ నియమం తప్పినట్టు ఎందుకు కనిపిస్తుంది

ఈ ప్రాజెక్టు మొత్తంలో ఎక్కువ సమయం ఇవ్వాల్సిన చోటు ఇదే.

మోటార్ రెండు కాళ్ల మధ్య నిరోధాన్ని మల్టీమీటర్‌తో కొలవాలి. ముందు మీటర్ రెండు మొనలను ఒకదానికొకటి తాకించి అది చూపే చిన్న అంకెను రాసుకుని, తర్వాత ప్రతి రీడింగ్ నుంచి తీసేయాలి. చక్రాన్ని కొంచెం కొంచెం తిప్పుతూ ఎనిమిది పది రీడింగులు తీసుకోవాలి. కరెంటు అందించే బ్రష్‌లు, దాని దిశ మార్చే కమ్యూటేటర్ మీద ఎక్కడ ఆనుతున్నాయన్న దాన్నిబట్టి అంకె మారుతూ ఉంటుంది, మరీ అతిగా వచ్చినవి వదిలేసి సగటు తీయాలి. 5 ఓమ్‌లు వచ్చిందనుకుందాం. నడిచేటప్పుడు సెల్ల మధ్య 5 వోల్టులు ఉంటాయి. ఓమ్ నియమం ప్రకారం వోల్టులను ఓమ్‌లతో భాగిస్తే కరెంటు 1 ఆంపియర్ ఉండాలి.

ఇప్పుడు మీటర్‌ను సీరీస్‌లో కలిపి, దాని వైర్లను రబ్బరు బ్యాండుతో చుట్టి, మీటర్‌నే కారు మీద ఎక్కించి నడపాలి. పక్కన నడుస్తూ ఫోన్‌లో మీటర్ ముఖాన్ని వీడియో తీస్తే చాలు. స్విచ్ వేసిన క్షణంలో అంకె ఎగిరి, వెంటనే 0.20 దగ్గర నిలబడుతుంది. కావలసింది ఒకటి, కనిపించింది ఐదో వంతు. మీటర్ పాడైందనో, నిరోధం తప్పు కొలిచామనో పిల్లలు అనుకుంటారు. ఆ అనుమానాన్ని అప్పుడే తీర్చేయకుండా ఒక పీరియడ్ అలా ఉండనివ్వడం మంచిది.

జవాబు మోటార్ లోపలే ఉంది. అయస్కాంతాల మధ్య తిరిగే తీగచుట్టలో విద్యుదయస్కాంత ప్రేరణ వల్ల వోల్టేజీ పుడుతుంది. జనరేటర్‌లో పుట్టేదీ అదే. లెంజ్ నియమం చెప్పినట్టు అది బ్యాటరీకి ఎదురు నిలుస్తుంది. దీన్నే బ్యాక్ ఈఎంఎఫ్ అంటారు. కరెంటు 0.20 ఆంపియర్లు, నిరోధం 5 ఓమ్‌లు కాబట్టి తీగలో ఖర్చయ్యేది 1 వోల్టే. మిగిలిన 4 వోల్టులు బ్యాక్ ఈఎంఎఫ్. ఓమ్ నియమం తప్పలేదు, అది ఆ ఒక్క వోల్టుకే వర్తిస్తోంది.

శక్తి లెక్క దీన్నుంచే వస్తుంది. బ్యాటరీ ఇచ్చేది 5 వోల్టుల చొప్పున 0.20 ఆంపియర్లు, అంటే 1 వాట్. తీగలో వేడిగా పోయేది 0.2 వాట్. మిగతా 0.8 వాట్ యాంత్రిక సామర్థ్యంగా మారుతుంది. చక్రాన్ని చేత్తో గట్టిగా పట్టేస్తే తిరగడం ఆగిపోయి బ్యాక్ ఈఎంఎఫ్ సున్నా అవుతుంది, కరెంటు 1 ఆంపియర్‌కు ఎగబాకుతుంది. అప్పుడు 5 వాట్లూ తీగలోనే వేడవుతాయి, అంటే మామూలుగా పుట్టే వేడికి 25 రెట్లు. కాసేపు అలాగే పట్టుకుంటే వార్నిష్ కాలిన వాసన వస్తుంది. ఈ పరీక్ష ఒకే సెల్‌తో, ఒక సెకను మాత్రమే చేయాలి. లేకపోతే ప్లాస్టిక్ గేరు పళ్లు కూడా ఊడతాయి. మిక్సీలో పప్పు గట్టిపడి బ్లేడు ఇరుక్కుంటే మోటార్ ఎందుకు కాలుతుందో కూడా దీనితోనే తెలుస్తుంది.

మొదటి ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పొచ్చు. రెండు సెల్లు పెడితే 2.5 వోల్టులు. నేల, గేర్లు మారలేదు కాబట్టి అధిగమించాల్సిన ఘర్షణ దాదాపు అంతే, దానికి కావలసిన కరెంటూ దాదాపు 0.20 ఆంపియర్లే. తీగ మళ్లీ తన వాటా 1 వోల్టు తీసుకుంటుంది. బ్యాక్ ఈఎంఎఫ్‌కు మిగిలేది 1.5 వోల్టులు. వేగం బ్యాక్ ఈఎంఎఫ్‌ను అనుసరిస్తుంది. నాలుగు వోల్టుల దగ్గర సెకనుకు 0.5 మీటర్లు పోయిన కారు ఒకటిన్నర దగ్గర 0.19 మీటర్లే పోతుంది. సగం కాదు, 37 శాతం. పిల్లలు ఈ అంకెను ముందే రాసి, ఐదు మీటర్ల గీత మీద కారు నడిపి సరిచూసుకోవాలి. 26 సెకన్ల దగ్గర్లో వస్తే లెక్క కుదిరినట్టే.

సమయం కొలవడంలో ఒక జాగ్రత్త ఉంది. స్టాప్‌వాచ్ నొక్కే చేతికి 0.2 సెకను దాకా ఆలస్యం జరుగుతుంది. పది సెకన్ల పరుగులో అది రెండు శాతం, పర్వాలేదు. ఒక మీటరు దూరానికే కొలిస్తే రెండు సెకన్లలో పది శాతం తప్పు వచ్చి అసలు తేడా కనపడకుండా పోతుంది.

తొమ్మిది వోల్టుల సెల్ నాలుగు సెల్ల ముందు ఎందుకు ఓడుతుంది

తరగతిలో ఎవరో ఒకరు చదరపు 9 వోల్టుల సెల్ తెస్తారు. వోల్టులు ఎక్కువ కాబట్టి కారు దూసుకుపోతుందని ఆశ. అది కొన్ని సెకన్లు నడిచి, మూలిగి, ఆగిపోతుంది. నిరోధకం కలిపి ఎల్ఈడీ పెడితే మాత్రం చక్కగా వెలుగుతుంది, అందుకే సెల్ మంచిదేనని వాదన మొదలవుతుంది.

ఏ లోడూ లేకుండా చవక జింక్ కార్బన్ 9 వోల్టుల సెల్ 9.2 వోల్టులు చూపిందనుకుందాం. 0.4 ఆంపియర్లు లాగినప్పుడు 6.0కు పడిపోతే, పోయిన 3.2 వోల్టులను 0.4తో భాగిస్తే అంతర్నిరోధం 8 ఓమ్‌లు. కదలడం మొదలయ్యే క్షణంలో మోటార్‌లో అడ్డున్నది 5 ఓమ్‌ల తీగ మాత్రమే. మొత్తం 13 ఓమ్‌లు, కరెంటు 0.7 ఆంపియర్లు. అదే నాలుగు రీచార్జి సెల్లలో హోల్డర్ స్ప్రింగులతో కలిపినా అంతర్నిరోధం 0.3 ఓమ్‌ల లోపు ఉంటుంది, కరెంటు ఒక ఆంపియర్‌కు దగ్గరగా వస్తుంది. టార్క్‌ను, అంటే తిప్పే బలాన్ని, నిర్ణయించేది కరెంటు కాబట్టి తొమ్మిది వోల్టులది బయలుదేరేటప్పుడే బలహీనం. వాడేకొద్దీ దాని అంతర్నిరోధం ఇంకా పెరుగుతుంది. ఎల్ఈడీకి కావలసింది 0.01 ఆంపియరే కనుక దానికి ఈ లోపం తెలియదు.

గేర్లు లేకపోతే

బొమ్మల్లో వాడే చిన్న డీసీ మోటార్ 1.5 వోల్టుల దగ్గర లోడ్ లేకుండా నిమిషానికి 9 వేల చుట్లు తిరుగుతుంది. దాని షాఫ్ట్‌కే 3 సెంటీమీటర్ల చక్రం బిగిస్తే కాగితం మీద సెకనుకు 14 మీటర్లు, గంటకు 50 కిలోమీటర్లు. నేల మీద పెడితే ఐదు మీటర్లు పోవడానికి నాలుగైదు సెకన్లు పడుతుంది, చివర్లో వేగం సెకనుకు రెండు మీటర్ల పైచిలుకు. అంటే ఆ మోటార్ పరుగు మొత్తంలో, లోడ్ లేనప్పటి తన ఖాళీ వేగంలో ఆరో వంతును కూడా దాటలేదు.

ఇక్కడ పనికొచ్చే సూత్రం ఒకటుంది. మోటార్ దక్షత, దాని ప్రస్తుత వేగం ఖాళీ వేగంలో ఎన్నో వంతో దాదాపు అంతకు మించదు. బ్యాక్ ఈఎంఎఫ్‌కూ బ్యాటరీ వోల్టేజీకీ ఉన్న నిష్పత్తే ఆ వంతు. ఆరో వంతు వేగంలో ఉన్నప్పుడు ఇచ్చిన శక్తిలో ఆరింట ఐదు వంతులు వేడిగా పోతాయి. గేర్ల పని కారును బలంగా లాగడంతో అయిపోదు, మోటార్‌ను అది సుఖంగా తిరిగే వేగంలో ఉంచుతాయి కూడా. 65 మిల్లీమీటర్ల చక్రం చుట్టుకొలత 20.4 సెంటీమీటర్లు. 1:48 గేర్లతో చక్రం సెకనుకు రెండున్నర చుట్లు తిరిగితే కారు అర మీటరు పోతుంది, లోపల మోటార్ 120 చుట్లు తిరుగుతుంది.

పాఠ్యపుస్తకంలో ఉండే మోటార్ బొమ్మకూ దీనికీ ఒక తేడా ఉంది. బొమ్మలో ఒకే దీర్ఘచతురస్రపు తీగచుట్ట, రెండు అర్ధవలయాలు ఉంటాయి. పాత మోటార్ వెనక రేకు చెవులు రెండూ విప్పి చూస్తే మూడు చుట్టలు, మూడు కమ్యూటేటర్ ముక్కలు కనిపిస్తాయి. ఒకే చుట్ట ఉంటే బ్రష్‌లు రెండు ముక్కల మధ్య సందులో నిలిచిన భంగిమలో మోటార్ దానంతట కదలదు, వేలితో తోయాలి. మూడు ఉంటే ఏ భంగిమలోనైనా ఒక చుట్ట పని చేస్తూనే ఉంటుంది. పాత మోటార్ ఒక్కటి బలిచ్చినా ఫర్వాలేదు, ప్రతి తరగతి ఈ విప్పడం చూడాలి.

ఎక్కడ చెడుతుంది

బీఓ మోటార్‌కు ఉండే రాగి రేకు కాళ్లు కాగితంలా పలచన. వైరు నాలుగుసార్లు ఊగితే కాలు మొదటికే విరుగుతుంది. సోల్డర్ చేశాక వైరును ఒక మడత వేసి మోటార్ ఒంటికే ప్లాస్టిక్ జిప్ టైతో బిగించాలి, లాగుడు కాలి మీద పడకూడదు. సోల్డరింగ్ రాని చోట వైరును కాలి రంధ్రంలో దూర్చి మెలితిప్పితే పని జరుగుతుంది గానీ ఆ అతుకు కదిలినప్పుడల్లా రీడింగ్ మారుతుంది.

కారు నీరసంగా ఉంటే సెల్లను తప్పుపట్టే ముందు, నడుస్తుండగా స్విచ్ రెండు కాళ్ల మధ్య, ప్రతి అతుకు రెండు పక్కలా వోల్టేజీ కొలవాలి. మంచి అతుకు మధ్య దాదాపు సున్నా రావాలి. 0.3, 0.4 వోల్టులు కనిపిస్తే దొంగ అక్కడే ఉన్నాడు. ఎక్కువసార్లు అది హోల్డర్‌లో తుప్పు పట్టిన స్ప్రింగే. నాలుగు సెల్లలో ఒకటి తిరగేసి పెట్టడం ఇంకో మామూలు పొరపాటు. 4.8 రావలసిన చోట 2.4 వస్తే అదే కారణం.

మల్టీమీటర్లు పోవడం వేరే బెడద. చవక మీటర్లలో మధ్య రంధ్రం వెనక చిన్న ఫ్యూజు ఉంటుంది, మోటార్ బయలుదేరే కరెంటుకు అది ఎగిరిపోతుంది. కారు కరెంటును 10 ఆంపియర్ల రంధ్రంతోనే కొలవాలి. కొలిచాక ఎర్ర మొనను వెంటనే వోల్టుల రంధ్రానికి మార్చాలి. మరిచిపోయి అలాగే సెల్ వోల్టేజీ కొలవబోతే మీటర్ గుండా నేరుగా షార్ట్ అవుతుంది. చాలా మీటర్లలో ఆ దారిలో ఫ్యూజు కూడా ఉండదు.

హాట్ గ్లూతో అతికించిన మోటార్ ఎండలో పెట్టిన కారులో ఊడొస్తుంది, నట్టు బోల్టు వాడాలి. ముందు ఇరుసు ఒక్క డిగ్రీ వంకరగా ఉన్నా కారు వంపు తిరుగుతుంది, కాబట్టి ఇరుసులు రెండిటి మధ్య దూరం ఎడమ పక్కా కుడి పక్కా స్కేలుతో కొలిచి సమానం చేశాకే బిగించాలి.

వేగం పోటీనా, శక్తి పోటీనా

అమెరికాలో జూనియర్ సోలార్ స్ప్రింట్ అనే పోటీ ఉంది. పిల్లలు సౌరఫలకంతో నడిచే చిన్న కార్లు చేసి 20 మీటర్ల ట్రాక్ మీద ఎవరిది ముందు చేరుతుందో చూస్తారు. ఇంగ్లండ్‌లో 1999లో మొదలైన గ్రీన్‌పవర్ పోటీల పద్ధతి వేరు. అక్కడ విద్యార్థులు ఒక మనిషి కూర్చునే కారు కడతారు. మోటార్, బ్యాటరీలు అందరికీ ఒకే రకం, నిర్ణీత సమయంలో ఎక్కువ దూరం పోయినవారిదే గెలుపు. వేగం పోటీలో సెల్లు పెంచడం అన్నిటికన్నా తేలికైన ఉపాయం. శక్తి అందరికీ సమానంగా కట్టేస్తే, గెలవడానికి ఘర్షణ, బరువు, గేర్ల గురించి ఆలోచించక తప్పదు. బడి స్థాయికి రెండో పద్ధతే మేలు.

దాన్ని చిన్న కారుకు దించడానికి, సెల్‌లా కాసేపు విద్యుత్తును దాచుకునే సూపర్ కెపాసిటర్ పనికొస్తుంది. 10 ఫారడ్‌లు, 2.7 వోల్టుల కెపాసిటర్లు రెండు సీరీస్‌లో కలిపితే 5 ఫారడ్‌లు అవుతుంది. 5 వోల్టుల ఫోన్ చార్జర్ నుంచి 10 ఓమ్‌ల, 5 వాట్ల నిరోధకం మీదుగా ఐదు నిమిషాలు చార్జి చేయాలి. ప్లస్ మైనస్ తారుమారు కాకూడదు, ఒక్కో కెపాసిటర్ మీద 2.7 వోల్టులు దాటలేదని మీటర్‌తో చూసుకోవాలి. నిండాక అందులో ఉండే శక్తి 62.5 జౌళ్లు. 1.5 వోల్టులకు పడిపోయే దాకా నడిపితే లోపల 5.6 జౌళ్లు మిగులుతాయి, కారు తిన్నది 57 జౌళ్లు.

పైన అనుకున్న కారు దీనితో 20 మీటర్లు దాటి పోతుంది. 24 మీటర్లు పోయిందనుకుంటే, మొదటి రోజు కొలిచిన 0.088 న్యూటన్లను 24తో గుణిస్తే నేల మీద చేసిన పని సుమారు 2 జౌళ్లు. 57లో 2! మిగిలిన 55 ఎక్కడికి పోయాయి? కారును ఎత్తి పట్టుకుని చక్రాలు గాలిలో తిప్పి కరెంటు చూస్తే జాడ దొరుకుతుంది. నేల మీద 0.20 ఉన్నది గాలిలో 0.17కే తగ్గుతుంది. దాదాపు ఖర్చంతా ప్లాస్టిక్ గేర్లు, బ్రష్‌ల రాపిడి, తీగ వేడి దగ్గరే అయిపోతోంది, నేల వాటా చాలా తక్కువ. గేరు పెట్టె విప్పి ఒక చుక్క తేలిక గ్రీజు వేసిన జట్టు, బరువు యాభై గ్రాములు తగ్గించిన జట్టు కన్నా ఎక్కువ దూరం పోవడానికి అవకాశం ఉంది.

రోడ్డు మీది కారుతో పోలిక

2020లో వచ్చిన మొదటి టాటా నెక్సాన్ ఈవీలో 30.2 కిలోవాట్ అవర్ బ్యాటరీ ఉండేది, కంపెనీ చెప్పిన ధ్రువీకృత రేంజి, అంటే ఒక్క చార్జితో పోయే దూరం, 312 కిలోమీటర్లు. కిలోమీటరుకు 97 వాట్ అవర్లు. కారు బరువు సుమారు 1400 కిలోలు కాబట్టి కిలో బరువును కిలోమీటరు మోయడానికి 0.07 వాట్ అవర్. చిన్న కారు 1 వాట్‌తో గంటకు 1.8 కిలోమీటర్లు పోతుంది, బరువు 0.3 కిలో. దాని లెక్క 1.85 వాట్ అవర్లు, అంటే కిలోకు 26, 27 రెట్లు ఎక్కువ ఖర్చు. నెక్సాన్ అంకెలు పరీక్షా పరిస్థితులవి, నిత్యజీవితంలో రేంజి ఇంకా తక్కువే వస్తుంది. అయినా ఈ తేడా పూడదు. నూనెలో తిరిగే ఉక్కు గేర్లు, బ్రష్‌లు లేని మోటార్, గాలి నిండిన టైర్లు కలిసి తెచ్చిన తేడా అది. కమ్యూటేటర్ చేసే కరెంటు దిశ మార్పిడిని పెద్ద కారులో ఇన్వర్టర్ ఎలక్ట్రానిక్స్‌తో చేస్తుంది.

బ్రేకు వేస్తే బ్యాటరీ నిండడం గురించి కూడా పిల్లలు తప్పకుండా అడుగుతారు. చిన్న కారులో అది దానంతట జరగదు. బ్యాటరీ 5 వోల్టులు, తిరిగే మోటార్ పుట్టించేది 4. తక్కువ వోల్టేజీ నుంచి ఎక్కువ వైపు కరెంటు ఎక్కదు. పెద్ద కారు కంట్రోలర్ మోటార్ తీగచుట్టలనే వాడుకుని, సెకనుకు వేల సార్లు స్విచ్ వేసి తీస్తూ ఆ వోల్టేజీని పైకి లేపి బ్యాటరీలోకి నెడుతుంది.

ప్రేరణ మాత్రం చేతికి తెలిసేలా చూపొచ్చు. మోటార్ వైర్లు రెండూ విడిగా ఉంచి చక్రాన్ని వేళ్లతో తిప్పాలి, గరగరమంటూ తిరుగుతుంది. ఇప్పుడు ఆ రెండు వైర్లను ఒకదానికొకటి మెలితిప్పి మళ్లీ తిప్పితే చక్రం బురదలో దిగినట్టు బరువెక్కుతుంది. వైర్లు విడదీయగానే తేలికవుతుంది. ఎర్ర ఎల్ఈడీ కలిపితే ఒక దిక్కుకు తిప్పినప్పుడు వెలుగుతుంది, రెండో దిక్కుకు వెలగదు.

ఆఖరి లెక్కగా రెండు జట్ల మోటార్లను వైర్లతో కలపొచ్చు. ఒక చక్రం తిప్పితే రెండోది తనంతట తిరుగుతుంది. మొదటిది పది చుట్లు తిరిగితే రెండోది ఎన్ని తిరుగుతుంది? చేత్తో సెకనుకు రెండున్నర చుట్లు తిప్పితే 4 వోల్టులు పుడతాయి. రెండో మోటార్ ఖాళీగా తిరగడానికి 0.17 ఆంపియర్లు కావాలి. ఆ కరెంటు రెండు మోటార్ల తీగలను, మొత్తం 10 ఓమ్‌లను దాటాలి, అక్కడ 1.7 వోల్టులు పోతాయి. మిగిలింది 2.3. పదికి ఆరు చుట్లు కూడా పూర్తి కావు. మెల్లగా తిప్పితే ఇంకా తక్కువ, సెకనుకు ఒక చుట్టు కన్నా నెమ్మదిగా తిప్పితే రెండో చక్రం అసలు కదలదు.